ఇంజన్ కింది రబ్బరు

శనివారం సంతనాడు పెబ్బేరులో 44వ జాతీయ రహదారి పక్కన ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన బండ్లను గమనించండి. కొన్నిటి అద్దాలు గడగడలాడుతుంటాయి. అలాంటి బండిలో కూర్చుంటే స్టీరింగు చేతిలో వణుకుతుంది, క్లచ్ వదలగానే కింద ‘ధడ్’మంటుంది. ఇంజనే పోయిందని కంగారుపడతాడు యజమాని. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ‘మౌంటింగులు పోయినయి’ అంటాడు.

ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలవి. తొలినాళ్లలో చాలా కార్లకు ఇంజన్‌ను నేరుగా ఛాసిస్‌కే బిగించేవారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 750 చుట్లు తిరిగితే సెకనుకు 25 పేలుళ్లు. ఆ అదురంతా కూర్చున్నవాళ్ల ఒంటికే. 1931లో క్రైస్లర్ ఇంజనీర్లు ప్లిమత్ కారులో దారి మార్చారు. ముందువైపు ఎత్తుగా, వెనకవైపు కిందుగా రబ్బరు ఆధారాలిచ్చి, వాటిని కలిపే గీత ఇంజన్ గరిమనాభి గుండా పోయేలా చూశారు. ఊగకుండా బిగించడం మానేసి, దానికి సహజమైన అక్షం చుట్టూ ఊగనిచ్చారన్నమాట. ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరు పెట్టారు. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుని, తన గుర్తుకు ఈదే హంస బొమ్మను జతచేసింది.

చిక్కేమిటంటే, ఐడ్లింగ్‌లో వణుకు ఆపాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి. గేరు పడ్డప్పుడు ఇంజన్ ఎగరకూడదంటే గట్టిగా ఉండాలి. అందుకే తర్వాత కొన్నిటిలో ద్రవం కూడా నింపారు. దిమ్మ చుట్టూ తడి మరక కనిపిస్తే అది కారిపోయినట్టే. మామూలు రబ్బరుకు శత్రువులు వేడి, ఆయిలు. పాలమూరు ఎండల్లో బానెట్ కింద రబ్బరు బిరుసెక్కి పగులుతుంది. ఆయిలు చుక్కలు పడితే ఉబ్బి మెత్తబడుతుంది.

పరీక్ష తేలికే. హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు తొక్కిపట్టి, మొదటి గేరులో క్లచ్‌ను కొద్దిగా వదలాలి, తర్వాత రివర్సులో. పక్కనుంచి చూసేవాడికి ఇంజన్ ఎంత ఒరుగుతోందో తెలుస్తుంది. బండి ముందు మాత్రం నిలబడకూడదు. మార్చేటప్పుడు ఆయిల్ ఛాంబర్ కింద చెక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువు మోయించి, పాతది విప్పుతారు. అయితే కొత్తదాని బోల్టులు వెంటనే బిగించేయడం నాకు నచ్చని పని. జాకీ దించి, ఇంజన్ తన బరువుతో కుదురుకున్నాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలిపడే ఉండిపోయి, తొందరగా చిరుగుతుంది.

పేలుళ్లే లేని విద్యుత్ కార్లలోనూ ఈ రబ్బర్లున్నాయి. ఇంజన్ హోరు లేకపోయేసరికి, మోటారు సన్నని కూత కూడా చెవిన పడుతోంది మరి.