కాచి పంపిన బెల్లము



గడచిన వానకారున చంద్రగిరి ప్రాంతపు రైతొకరు తమ వేరుసెనగ ఆకులపై మచ్చలు చూచి, సెల్ ఫోనుతో పది ఫొటోలు తీసి నాకు పంపబూనిరి. చేను కొండచాటున నుండుటచే నొక్కటియు చేరకమునుపే ఛార్జి యంతయు నైపోయెను. నేను స్వయముగ పోయి చూచునప్పటికి నాలుగు దినములు గడచెను. ఆలోపల మచ్చలు పై యాకులకును ప్రాకినవి.

ఫోనులోని విద్యుత్తు దేనికి వ్యయమగును? లోపల లెక్కలు కట్టుటకు స్వల్పముగను, గాలిలో వార్త పంపుటకు విశేషముగను వ్యయమగును. బిట్టు అనగా సమాచారమున మిక్కిలి చిన్న తునుక. నిస్తంత్రి విధమున నొక్క బిట్టును పంపుటకగు శక్తి, ఒక్క లెక్క చేయుటకగు శక్తికి వేయిరెట్లు మించవచ్చునని అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన బార్, అసనోవిచ్ అనువారు 2003లో ప్రకటించిరి. టవరు దూరమైనచో వ్యయ మింకను హెచ్చును.

కావున ముందు కుదించి, పిమ్మట పంపుట మేలు. మన గానుగలవద్ద జరుగునది యిదియే కదా! పది బండ్ల చెరకు ఇంచుమించు ఒక బండి బెల్లమగును. బాడుగయు నా మేరకు తగ్గును. ఫొటోలను కుదించు గణితమును 1974లో ప్రకటించిన మువ్వురిలో బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్, మద్రాసు విశ్వవిద్యాలయమున చదివిన కామిశెట్టి రామమోహనరావు గారలు కలరు. 1992 నాటి జేపెగ్ పద్ధతికి అదియే ఆధారము.

అయినను రసము కాచుటకు వంటచెరకు కావలెను గదా. తగని విధానమున కుదించినచో ఆదాకు మారుగా నష్టమే కలుగునని పై పరిశోధకులే చూపిరి. జేపెగ్ ఫొటోను మరల జిప్ చేయుట బెల్లమును మరల కాచుటవంటిది; పొయ్యి మండునేగాని బరువు తగ్గదు.

ఆచరింపవలసిన దేమనగా: పది ఫొటోలు వలదు. తెగులు సోకిన ఆకు దగ్గరగ నొకటి, చేను మొత్తము నొకటి చాలును. వానిని సాధారణ పరిమాణమునకు కుదించి, పంపకమునుపు పెద్దదిగ చేసి చూడుడు. మచ్చ చుట్టు నుండు పసుపు వలయము చెరిగిపోయినచో కుదింపు మితిమీరినదని యెరుగుడు. నేల తేమను కొలుచు పరికరములు గలవారు, అంకె మారినప్పుడు మాత్రమే వార్త పంపునట్లు అమర్పించుకొనుడు.

రాబోవు వానకారున మచ్చ కనబడిన నాడే యీ రెండు ఫొటోలు పంపుడు. మందు చల్లుటకు వేళ మించకుండును.