పచ్చడి జాడీలో నూనె పైకి తేలితే చాలా? అసలు కాపాడేది వేరే ఉంది.. గాజు సీసాల్లో పెట్టేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాల్సిందే!

పరిగి, వికారాబాద్ జిల్లా: ఎండలు ముదిరాయంటే పరిగి, దోమ, కుల్కచర్ల, పూడూరు వైపు ఇళ్లల్లో ఒకటే హడావుడి. మార్కెట్‌లో పుల్లటి కాయ ఏరుకోవాలి. అక్కడే ముక్కలు కొట్టించుకోవాలి. మిరుగం రాకముందే తొక్కు పెట్టేయాలి. జొన్నరొట్టెలోకి ఏడాదంతా అదే ఆధారం. హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలకు బస్సులో పంపే డబ్బాలోనూ అదే.

ఒకప్పుడు ఆ తొక్కు పింగాణీ జాడీలో ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్లల్లోకి గాజు సీసాలు వచ్చాయి. వాటితోపాటే ఫోన్లలో కొత్త వీడియోలూ వచ్చాయి. బీన్స్, ఆలుగడ్డ, మాంసం.. ఏదైనా సరే సీసాలో నింపి, నీళ్లలో మరిగించి, మూత బిగిస్తే నెలల తరబడి నిల్వ ఉంటుందని చూపిస్తున్నారు. ఇక్కడే కాస్త ఆగాలి. మామిడికాయకు సరిపోయిన లెక్క అన్నింటికీ సరిపోదు. తేడా తెలియకపోతే ప్రాణాల మీదికి వస్తుంది.

నూనె చేసేది సగం పనే

పచ్చడి పాడుకాకుండా నూనె కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. బూజు పెరగాలంటే గాలి కావాలి. ముక్కల మీద నూనె తేలితే గాలి తగలదు, కాబట్టి బూజు పట్టదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనూ ఈ లెక్క ఉంది. అమ్మే నూనె పచ్చళ్లలో ముక్కల పైన కనీసం అర సెంటీమీటరు నూనె తేలాలి, లేదా మొత్తంలో కనీసం 10 శాతం నూనె ఉండాలి.

మరి మిగతా సగం? గాలి లేని చోటే పెరిగే బ్యాక్టీరియా ఒకటుంది. దాని పేరు క్లాస్ట్రిడియం బొటులినమ్. మట్టిలో ఉంటుంది. అల్లం, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ లాంటివి మట్టిలోంచే వస్తాయి కాబట్టి వాటితో పాటు వంటింట్లోకి వచ్చేస్తుంది. దీనికి నూనె అడ్డుకట్ట కాదు. గాలి తగలకుండా చేసి దానికి చోటిచ్చేది నూనే. ఇది విడుదల చేసే విషం నరాలను దెబ్బతీస్తుంది. ఆ జబ్బునే బొటులిజం అంటారు.

దీన్ని ఆపేది పులుపు. పులుపును పీహెచ్ అనే కొలతతో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఈ బ్యాక్టీరియా పెరగలేదు. పచ్చి మామిడికాయ, నిమ్మకాయ, చింతకాయ ఈ గీతకు చాలా కిందనే ఉంటాయి. తొక్కు ఏడాది నిలిచేది అందుకే. కాయలోని పులుపు, సరిపడా ఉప్పు, తడి లేకపోవడం.. ఈ మూడే అసలు కాపలా. నూనె వాటికి తోడు మాత్రమే.

పెద్దవాళ్లు చింతపండు ఊరికే వేయలేదు

మన పచ్చళ్లను గమనించండి. మామిడికాయ తొక్కులో వేరే పులుపు వేయరు. పండుమిర్చి పచ్చడిలో మాత్రం చింతపండు దంచి కలుపుతారు. అల్లం పచ్చడిలో చింతపండు ఉంటుంది. టమాటా పచ్చడిలోనూ వేస్తారు. మిర్చికి, అల్లానికి సొంత పులుపు చాలదు. టమాటా పీహెచ్ సరిగ్గా ఆ 4.6 గీతకు అటూ ఇటూ ఊగుతుంది. పీహెచ్ అనే మాట వినకపోయినా, ఎక్కడ పులుపు కలపాలో పెద్దవాళ్లకు అనుభవంతో తెలుసు.

తెలంగాణ తొక్కులో అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేస్తాం కదా, అది ప్రమాదం కాదా? కాదు. అక్కడ ఆ ముద్ద పుల్లటి ముక్కల్లో, ఉప్పులో కలిసిపోతుంది. అదే ముద్దను ఒట్టి నూనెలో కలిపి ఫ్రిజ్ బయట పెడితే మాత్రం ప్రమాదమే. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. నూనెలో వేసి సీసాలో పెట్టిన ఎల్లిగడ్డ ముక్కల వల్ల ఓ రెస్టారెంట్‌లో తిన్న 36 మంది బొటులిజం బారిన పడ్డారు.

మరిగిస్తే చాలదా?

చాలదు. ఈ బ్యాక్టీరియా మామూలుగా ఉన్నప్పుడు వేడికి చస్తుంది. కానీ గట్టి గింజలాంటి రూపంలోకి మారిందంటే 100 డిగ్రీల మరుగుకు కూడా తట్టుకుంటుంది. దాన్ని చంపాలంటే 121 డిగ్రీల దాకా వేడి కావాలి. విదేశాల్లో పులుపు లేని కూరగాయలను, మాంసాన్ని సీసాల్లో పెట్టడానికి ప్రెజర్ క్యానర్ అనే ప్రత్యేకమైన పాత్ర వాడేది అందుకే. మనం పప్పు ఉడికించే కుక్కర్ దానికి బదులు కాదు. ఏ సీసాను అందులో ఎంతసేపు ఉంచాలో పరీక్షించిన లెక్కలు లేవు.

2015 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, లాంకాస్టర్‌లో ఓ చర్చి విందు జరిగింది. అందులో ఇంట్లో సీసాల్లో నిల్వ చేసిన ఆలుగడ్డలతో సలాడ్ చేశారు. ఆ సీసాలను ప్రెజర్ క్యానర్‌లో కాకుండా మామూలు మరుగు నీళ్లలో ఉంచారు. 29 మంది జబ్బు పడ్డారు. ఒకరు చనిపోయారు.

కాబట్టి వీడియో చూసి క్యారెట్, బీన్స్, ఆలుగడ్డ, మాంసం సీసాలో మరిగించి అల్మారాలో పెట్టకండి. చికెన్, మటన్ పచ్చడి పెట్టాలనుకుంటే తడి పోయేదాకా వేయించి, నిమ్మరసం బాగా కలిపి, కొంచెం కొంచెంగానే చేసుకోండి. ఫ్రిజ్‌లోనే ఉంచి త్వరగా తినేయండి. అల్లం ఎల్లిగడ్డ ముద్దకూ ఫ్రిజ్ తప్పనిసరి.

గాజు ఎందుకు మంచిది?

ఉప్పు, పులుపు కలిస్తే లోహాన్ని తింటాయి. అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రల్లో పచ్చడి అసలే పెట్టకూడదు. స్టీలు మీద కూడా ఉప్పు ఎక్కువ రోజులు నిలిస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన నూనె జిడ్డు, వాసన ఓ పట్టాన వదలవు. గాజుకు ఈ బాధలేవీ లేవు. లోపల నూనె ఎంత ఉందో, బూజు పట్టిందో లేదో బయటి నుంచే కనిపిస్తుంది.

గాజుకు రెండు బలహీనతలున్నాయి. వెలుతురు తగిలితే పచ్చడి ఎరుపు తగ్గుతుంది, నూనె త్వరగా ముక్కిపోతుంది. అందుకే సీసాను చీకటిగా ఉండే అల్మారాలో పెట్టాలి. రెండోది, చల్లటి సీసాలో సలసల కాగే నీళ్లు పోస్తే పగిలిపోతుంది. రేకు మూత అయితే తుప్పు పడుతుంది. పచ్చడికి తగలకుండా శుభ్రమైన పొడి గుడ్డ అడ్డం పెట్టాలి. జాడీకి వాసెన కట్టినట్టే అన్నమాట.

ఇలా పెట్టుకోండి

- గిన్నె అడుగున గుడ్డ వేసి, సీసాలు పెట్టి, చల్లటి నీళ్లు పోసి, అప్పుడు పొయ్యి వెలిగించండి. మరుగు వచ్చాక 10 నిమిషాలు ఉంచండి.
- తీసిన సీసాలను బోర్లించి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. చుక్క తడి కూడా ఉండొద్దు.
- కాయలను కడిగి, తుడిచి, ఆరాకే ముక్కలు కొట్టించండి. దొడ్డు ఉప్పును ఎండబెట్టి దంచుకోండి.
- కిలో ముక్కలకు 150 గ్రాముల దాకా ఉప్పు పడుతుంది. ఆరోగ్యానికి మంచిదని ఉప్పు సగానికి తగ్గిస్తే ఆ పచ్చడిని ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఉప్పు తినకూడని వాళ్లు పచ్చడే తక్కువ తినడం మేలు.
- పోపు నూనె పూర్తిగా చల్లారాకే కలపండి.
- మూడో రోజు తిరగ కలపండి. ఉప్పుకు ముక్కల్లోంచి ఊట దిగుతుంది. కలిపితే ఉప్పు, పులుపు అంతటా సమంగా పడతాయి. ఉప్పు చాలకపోతే అప్పుడే కలుపుకోవచ్చు.
- ముక్కలు పైకి తేలితే కాచి చల్లార్చిన నూనె పోయండి.
- పెద్ద సీసాను రోజూ తెరవొద్దు. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. గరిటె పొడిగా ఉండాలి.

బూజు కనిపిస్తే?

పైపైన తీసేసి వాడుకుందాం అనిపిస్తుంది. ఏడాది పచ్చడి పారబోయాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. కానీ బూజు పెరిగేకొద్దీ పచ్చడిలోని పులుపును తినేస్తుంది. అంటే కాపలాదారుడే తగ్గిపోతాడు. కాబట్టి బూజు పట్టిన సీసాను వదిలేయడమే మంచిది. మూత ఉబ్బినా, తెరవగానే చిమ్మినా అంతే. పాడైందో లేదో చూద్దామని నాలుక మీద పెట్టొద్దు. బొటులిజం విషం రుచిలో, వాసనలో తెలియకపోవచ్చు.

సాధారణంగా తిన్న 12 నుంచి 36 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి. ఒక్కోసారి కొన్ని రోజులూ పట్టొచ్చు. ఒక వస్తువు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, తర్వాత చేతులు కాళ్లలో బలం తగ్గడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏ పచ్చడి, ఏ సీసాలోది తిన్నారో డాక్టర్‌కు చెప్పండి.

మామిడికాయ తొక్కు గురించి భయం అక్కర్లేదు. అది తరతరాలుగా నిలబడ్డ పద్ధతి. కొత్త సీసాలో కొత్తది ఏదైనా పెట్టేముందు మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇందులో పులుపు ఉందా? లేదంటే దాని చోటు అల్మారా కాదు, ఫ్రిజ్.