మీకు తెలుసా? అన్నమయ్య పాట పాతదే, వరసే కొత్తది

రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 1424 నుంచి 1503లో కన్నుమూసేదాకా పాటలు కట్టాడు. కొడుకు పెదతిరుమలయ్య వాటిని రాగిరేకులకెక్కించి తిరుమలలో దాచబట్టి దాదాపు 14,000 మనకు దక్కాయి. అయితే రేకు మీద పాటకు పైన రాగం పేరు కనిపిస్తుందే గానీ స్వరాలు లేవు. అందుకే నేడు కచేరీల్లో వినే వరసల్లో ఎక్కువ భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటి 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే.

రాగం పేరుంటే చాలదా అంటారేమో. చాలదు. ఒకే రాగంలో ఎన్ని వరసలైనా పుడతాయి. పైగా రాగాలూ మారాయి. 1550లో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’లో చెప్పిన ముఖారి ఇప్పటి ముఖారి కాదు. రేకులో ముఖారి అని ఉన్న ‘నానాటి బతుకు’ను మనం రేవతిలోనే వింటున్నాం, అదీ నేదునూరి చలవే! మరి ఇవి అన్నమయ్యవెలా అవుతాయన్న సందేహం న్యాయమైనదే. కానీ మాట ఆయనది, పల్లవి చరణాల కట్టడం ఆయనది. సువ్వి, లాలి, జాజర పదాల్లో నడక మాటల్లోనే ఇమిడి ఉంది, దంచే రోకలి దెబ్బలాగా. జమైకా రెగే గాయకులు పాత వాద్యబాణీ మీద కొత్త పాట అల్లుతారు. మన దగ్గర జరిగింది దానికి తిరగేసిన పని: పాత పాటకు కొత్త వరస. కాకపోతే కచేరీలో వరస కట్టినవారి పేరు చెప్పడం మాత్రం చాలాసార్లు మరిచిపోతున్నారు.