చక్రాల మీద నాట్యం – ఎదిగే ఎముకల సంరక్షణ



మన శావల్యాపురంలో మంచు కురవదు. మంచుగడ్డ మీద బూట్లకు ఇనుప పట్టీ కట్టుకొని నాట్యం చేసే ఫిగర్ స్కేటింగును మనం టీవీలోనే చూస్తాము. ఇదే ఆటను చక్రాల బూట్లతో గచ్చు నేల మీద ఆడితే ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. ఇందులో మనకు పేరు తెచ్చినవారు హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా గారు. 2010లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వీరు పురుషుల విభాగంలో ఒకటి, అవని పంచాల్ గారితో కలిసి జంట విభాగంలో ఒకటి, మొత్తం రెండు కాంస్య పతకాలు గెలిచారు. 2015 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నారు.

చూడటానికి ఈ ఆట పువ్వులా తేలికగా ఉంటుంది. శరీరం పడే శ్రమ మాత్రం చాలా ఎక్కువ. ఆటగాడు గాలిలోకి ఎగిరి, సెకను లోపే రెండు మూడు చుట్లు తిరిగి, ఒంటి కాలి మీద వెనుకకు దిగుతాడు. ఆ క్షణంలో శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం ఆ ఒక్క కాలి మీద పడుతుంది. సాధనలో రోజుకు ఎన్నోసార్లు ఇలాగే దిగాలి. అందువలన చీలమండ, మోకాలు, తుంటి, నడుము దెబ్బతింటాయి.

పిల్లలలో ఎముకల చివర ఎదుగుదల పొర ఉంటుంది. అది గట్టిపడేంతవరకు ఎక్కువ భారాన్ని తట్టుకోలేదు. విశ్రాంతి లేకపోతే ఎముకలో సన్నని పగులు వస్తుంది. తిండి కూడా తగ్గిస్తే ఆడపిల్లలకు నెలసరి ఆగిపోయి ఎముకలు గుల్లబారతాయి.

రష్యాకు చెందిన యూలియా లిప్నిత్‌స్కయా 2014 సోచి ఒలింపిక్స్‌లో 15 ఏళ్లకే జట్టు విభాగంలో స్వర్ణం గెలిచింది. తిండికి దూరం చేసే అనొరెక్సియా అనే రుగ్మతకు చికిత్స పొంది, 2017లో 19 ఏళ్లకే ఆట మానుకుంది. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 2022లో, పిల్లల ఆరోగ్యం దృష్ట్యా, పెద్దల పోటీలకు కనీస వయస్సును 15 నుండి 17కు దశలవారీగా పెంచాలని నిర్ణయించింది.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోవద్దు. కబడ్డీ ఆడే ఒక అమ్మాయి రెండు నెలల ముంగాలి నొప్పితో మా వద్దకు వచ్చింది. నెలసరి కూడా ఆగిపోయింది. "సెలక్షన్లు దగ్గరలో ఉన్నాయి, అమ్మకు చెప్పవద్దు సిస్టర్" అని బతిమాలింది. మేము తల్లిని పిలిపించి నెమ్మదిగా చెప్పాము. ఆ సంవత్సరం ఆమె సెలక్షన్లకు వెళ్లలేదు. కాలు మాత్రం నయమైంది.

తల్లిదండ్రులు గమనించవలసినవి:

1. వారానికి ఒకటి రెండు రోజులు ఆటకు పూర్తి విశ్రాంతి ఇవ్వండి.

2. స్కేటింగ్ నేర్చుకొనే పిల్లలకు హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు, మణికట్లకు రక్షణ పట్టీలు తప్పనిసరి.

3. పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరలు, రాగిజావ, వేరుశనగలు పెట్టండి. బరువు తగ్గాలని తిండి మాన్పించవద్దు.

4. కుంటుతున్నా, రాత్రిపూట నొప్పి వచ్చినా, ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి పుట్టినా ఆట ఆపి డాక్టరు గారికి చూపించండి. నొప్పి మాత్ర వేసి ఆడించవద్దు.

5. మూడు నెలలు నెలసరి రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలు కాకపోయినా సిగ్గుపడక చెప్పండి.

పిల్లలను ఆడనివ్వండి, ఆట ఆరోగ్యానికి మంచిదే. అయితే ఆట ముగించుకొని ఇంటికి వచ్చిన బిడ్డను "గెలిచావా?" అని అడిగే ముందు "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడగండి.