గొర్రెలు మేపిన జడ్జీగారు

రాయదుర్గం వైపు వారికి బళ్లారి జిల్లా సండూరు కొత్త కాదు. ఆ సంస్థానంలో 1942లో మద్రాసు నుండి ఎం. కృష్ణన్ అనే ఆయన కొలువుకు చేరారు. అప్పటికే సంసారి, 1937లో పెళ్లయింది. బడి పంతులు, జడ్జీ, ప్రచారాధికారి, రాజావారి రాజకీయ కార్యదర్శి - ఏ పని చెబితే అది చేశారు. తీరిక దొరికితే మాత్రం అడవే. గొర్రెలు మేపి చూశారు. ఉత్తరాలు మోసే పావురాలను పెంచారు. జడ్జీగారు గొర్రెల వెంట పోతుంటే జనం ఏమనుకున్నారో గాని, ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది ఆ తిరుగుడే!

1949లో సంస్థానం విలీనమైంది, కొలువు పోయింది. మద్రాసు తిరిగి వచ్చి కలాన్నీ, కెమేరానూ నమ్ముకొని ఇల్లు నడిపారు. ఆ కెమేరా చూడవలసినదే. ఒక కంపెనీ పెట్టెకు మరొక కంపెనీ కటకం, తక్కిన భాగాలు ఎక్కడెక్కడివో, అన్నీ తానే బిగించుకున్నారు. దాని బరువుకు తగ్గట్టు 'సూపర్ పాండరోసా' అని పేరు కూడా పెట్టారు. దానితోనే అడవి ఏనుగులను నలుపు తెలుపుల్లో పట్టారు.

పులులూ ఏనుగులే కాదు. కాకి, మేక కూడా ఆయన వ్యాసాలకెక్కాయి. పద్మశ్రీ వచ్చింది. 'స్టేట్స్‌మన్' పత్రికలో 1950లో మొదలైన శీర్షిక ఆగలేదు. 1996 ఫిబ్రవరి 18న, ఆయన కన్నుమూసిన రోజునే, చివరి వ్యాసం అచ్చయింది.