నటుడే దర్శకుడైనచో



వేషము ధరించుటయు, నాటకము నడపుటయు వేఱు వేఱు పనులు. ఒకప్పుడు నేను ఈ రెండు బరువులను ఒక్కమాఱే నెత్తి కెత్తుకొంటిని. మా యూరి నాటకమున హరిశ్చంద్రుడను నేనే, తక్కినవారికి శిక్షకుడను నేనే. కాటిసీనులో కన్నీటితో పద్య మెత్తుకొనునంతలో, చచ్చి పడియున్న లోహితాస్యుడు కన్ను తెఱచి సభను చూచుచుండుట నాకంట బడెను. నాలోని శిక్షకుడు మేల్కొనెను. హరిశ్చంద్రుడు పద్యము మఱచెను. సభ గొల్లుమనెను. నాటినుండి ఈ రెండు పనులను నెగ్గించుకొని వచ్చినవారిని తలచినపుడెల్ల నాకు ఆశ్చర్యమే. అట్టివారిలో చిత్తూరు వి. నాగయ్యగారిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

వారు 1904వ సంవత్సరమున రేపల్లెలో జన్మించిరి. చిత్తూరు వారి పేరులో నిలిచిన యూరు. అచటి రామవిలాససభ రంగస్థలమే వారికి బడి. సారంగధర నాటకమున చిత్రాంగి వేషము వారికి పేరు తెచ్చెను. మైకులేని కాలపు నటునకు గొంతే ఆస్తి. వెనుక వరుసలోని వానికి వినబడనిచో పద్యము పాడినట్లే కాదు. కావున రాగము సాగదీయుట వాడుకయైనది, ‘వన్సుమోర్’ కేకలు దానిని మఱింత పెంచినవి.

1938లో గృహలక్ష్మితోను, 1939లో వందేమాతరముతోను నాగయ్యగారు తెరపైకి వచ్చిరి. తెరపై కొలత వేఱు. యంత్రము నటుని మొగమునకు మూరెడు దూరమునకు వచ్చి కూర్చుండును; నిట్టూర్పు సైతము దానికి వినబడును. రంగస్థలమునుండి వచ్చిన పలువురు ఇచట కూడ వెనుక వరుసకే పాడిరి. నాగయ్యగారు మాత్రము గొంతు తగ్గించిరి. పద్యమును ప్రక్కనున్న వానితో చెప్పుకొన్నట్లు పాడిరి. వారి విద్యలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇదియే.

యుద్ధకాలమున కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున పోతనగా నటించిరి. 1947లో మరల ఆయన చేతిక్రిందనే వేమన యైరి. ఈ రెంటి నడుమ, 1946లో, త్యాగయ్య వెలువడెను. దానికి నటుడు, దర్శకుడు, సంగీతకర్త, నిర్మాత అందఱును నాగయ్యగారే.

ఇందలి కష్టము వినువారికి సులభముగా తోచదు. చిత్రము కథ వరుసను తీయబడదు. ముసలితనపు ఘట్టము నేడు, యౌవనము ఎల్లుండి. ఏ ఘట్టమున దుఃఖము ఎంతవఱకు పెరిగినదో దర్శకుడు మనసున లెక్క పెట్టుకొనవలెను. నటుడో, ఆ లెక్కను మఱచినగాని ఏడ్వలేడు. నేటివలె తీసినది తీసినట్లు చూపు చిన్న తెరలు నాడు లేవు. ఫిల్ము కడిగి వచ్చువఱకు తన మొగము తనకు కానరాదు. నాటకమున తప్పు జరిగినచో సభ వెంటనే చెప్పును. స్టూడియోలో చెప్పువాడు దర్శకుడు. ఆ దర్శకుడే మీసము దువ్వుకొని, తంబుర పట్టి కూర్చున్నచో చెప్పువా డెవడు? ఛాయాగ్రాహకుని కన్నులను నమ్మవలసినదే.

త్యాగయ్య చూచినపుడు ఆయన పద్ధతి కొంత నాకు బోధపడెను. కృతి పాడుచున్నపుడు యంత్రమును అటునిటు పరుగెత్తించరు, నిలుపుదురు. నేటివారికి అది నెమ్మదిగా తోచవచ్చును. కాని కీర్తన కచేరీగాక ప్రార్థన కావలెనన్నచో అంత నిలుకడ కావలసినదే యని నా యభిప్రాయము.

1953లో నా ఇల్లు తీసిరి. అటు పిమ్మట రామదాసు చరిత్రమునకు పూనుకొనిరి. అది తెమలుటకు ఏండ్లు పట్టినది, 1964లోగాని బయటపడలేదు. నాగయ్యగారి చేతికి ఎముక లేదని లోకవిదితము. అడిగినవానికి లేదనని మనుష్యుడు నిర్మాతయైనచో ఖాతాపుస్తక మేమగునో ఊహింపుడు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోలకొండ చెఱసాలలో లెక్క చెప్పవలసివచ్చిన గోపన్నగా, 60 ఏండ్ల వయసున, ఆయన తన్ను తానే నడపుకొనిరి. ఆ చూపులో నటన యెంతయో నేను విడదీయలేకున్నాను.

1965లో పద్మశ్రీ వచ్చెను. డబ్బు రాలేదు. ఇతరుల చిత్రములలో తండ్రులుగా, ఋషులుగా చిన్న వేషములు వేయుచు, తమకంటె పిన్నలైన దర్శకులు నిలువుమన్నచోట నిలిచి, 1973 డిసెంబరు 30వ తేదీన కన్నుమూసిరి. మద్రాసు పానగల్ పార్కులో వారి విగ్రహ మున్నది.