సర్దుకుపోతే మానని గాయం

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 42 జంటల్ని ఒక ప్రయోగానికి పిలిచారు. వాళ్ళలో పాతికేళ్ళు నిండనివాళ్ళూ ఉన్నారు, డెబ్భై దాటినవాళ్ళూ ఉన్నారు. ఒక్కో జంటా రెండు విడతలుగా, ప్రతిసారీ ఒక రోజంతా పరిశోధన విభాగంలోనే ఉండాలి. రాగానే ముంజేతి మీద చర్మాన్ని మెల్లగా పీల్చే పరికరం పెట్టి ఎనిమిది చిన్న బొబ్బలు తెప్పించారు. వాటి పైచర్మం తీసేసి, పుండు ఎంత వేగంగా మానుతోందో గమనిస్తూ వచ్చారు. ఆ తర్వాత భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మొదటి విడతలో ఒకరి మంచిచెడ్డలు ఒకరు వినాలి. రెండో విడతలో తమ మధ్య ఎన్నాళ్ళుగానో తెగని పేచీ ఏదుంటే అది మాట్లాడుకోవాలి.

జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 2005లో ఫలితాలు ప్రకటించింది. పేచీ పడిన విడతలో పుండు మానడానికి సుమారు ఒక రోజు ఎక్కువ పట్టింది. ఎత్తిపొడుపులు, విసుర్లు ఎక్కువగా ఉన్న జంటల్లో గాయం మానే వేగం, అవి తక్కువగా ఉన్న జంటలతో పోలిస్తే 60 శాతమే. గాయం మానాలంటే సైటోకైన్లనే ప్రోటీన్లు పుండు దగ్గర తయారై, బాగుచేసే కణాల్ని అక్కడికి రప్పించాలి. గొడవ తర్వాత పుండు దగ్గర వాటి ఉత్పత్తి పడిపోయింది. ఎత్తిపొడుపుల జంటల రక్తంలో మాత్రం మర్నాటి ఉదయానికి అవే పెరిగాయి. కావలసిన చోట కరువు, అక్కర్లేని చోట వరద. రక్తంలో ఈ ప్రోటీన్లు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండటానికీ, గుండె జబ్బులకూ మధుమేహానికీ సంబంధం ఉంది.

ఆ గదిలో నడిచింది కాసేపటి పేచీ. ఇరవై ఏళ్ళ కాపురం తర్వాత బయటపడే మోసం మాటేమిటి? అప్పుడు పెద్దలిచ్చే ‘సర్దుకుపో’ అన్న సలహా గాయాన్ని మాన్పుతుందా, కప్పుతుందా?

నడివయసు ఇల్లు

విశాఖలో చాలా కాపురాలు స్టీల్‌ప్లాంటు షిఫ్టుల చుట్టూ, ఓడల రాకపోకల చుట్టూ, నేవీ పోస్టింగుల చుట్టూ నడుస్తాయి. రుషికొండలో అలాంటి ఇల్లొకటి ఊహించుకుందాం. ఆయనకి యాభై, సరుకు ఓడల మీద ఇంజనీరు. ఏడాదిలో సగానికి పైగా సముద్రం మీదే. ఆమెకి నలభై ఆరు. పిల్లల చదువులు, అత్తగారి మందులు, ఫ్లాటు మెయింటెనెన్సు, అన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. కూతురు ఇంజనీరింగ్ మూడో ఏడు, కొడుకు ఇంటర్. ఆయన సెలవుకొచ్చిన ఒక రాత్రి, ఛార్జింగులో పెట్టిన ఫోనుకి ఆమె ఎప్పుడూ పేరు వినని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది: ఈఎంఐ బౌన్స్ అయిందని. తీగ లాగితే గాజువాకలో ఇంకో ఫ్లాటు, ఆరేళ్ళుగా అందులో ఉంటున్న ఇంకొక ఆమె బయటపడ్డారు. అత్తగారు తలుపు దగ్గరగా వేసి చెప్పిన మాట ఒక్కటే: “ఇప్పుడేటి సేత్తావమ్మా? పెళ్ళికెదిగిన పిల్లుంది. కడుపులో ఎట్టుకో.”

ఈ వయసులో దెబ్బ మరింత గట్టిగా తగలడానికి శరీర కారణాలూ ఉన్నాయి. మన దేశంలో స్త్రీలకి నెలసరి ఆగే సగటు వయసు 46-47. అంతకుముందు కొన్నేళ్ళు ఈస్ట్రోజన్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, రాత్రి నిద్ర తెగిపోతుంది. నిద్ర చాలని రోజుల్లో దంపతుల మధ్య గొడవలు పెరుగుతాయనీ, ఎదుటివారి మనసు చదివే శక్తి తగ్గుతుందనీ కాలిఫోర్నియా పరిశోధకులు గమనించారు. దీనివల్ల ఇంకో అన్యాయం కూడా జరుగుతుంది. ఆమె కోపాన్ని ‘ఆ వయసు అలాంటిది’ అని హార్మోన్ల ఖాతాలో వేసేయడం అందరికీ సులువు.

ఆరేళ్ళు ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుందని చుట్టాలు అడుగుతారు. ఓరెగాన్ యూనివర్సిటీ మనస్తత్వవేత్త జెన్నిఫర్ ఫ్రెయిడ్ 1990ల్లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. మోసం చేసే మనిషి మీదే మన బతుకు ఆధారపడి ఉంటే, చూడకపోవడమే మనసుకు క్షేమం. చూస్తే ఏదో ఒకటి చెయ్యాలి. చేస్తే ఇల్లు, పిల్లల ఫీజులు, తల మీద కప్పు, అన్నీ ప్రశ్నే. అందుకే ఓవర్‌టైం లెక్క కుదరకపోయినా, సెలవుల తేదీలు పొంతన లేకపోయినా మెదడు వాటిని కలిపి చూడదు. దీన్ని తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. ఆధారపడి బతికేవాళ్ళ మనసు తనను తాను కాపాడుకునే తీరు అది.

గుట్టు బరువు

గుట్టు దాచేవాడికి కష్టం ఎక్కడుంది? ఎదుటివాళ్ళ ముందు నోరు జారకుండా చూసుకోవడంలో ఉందని చాలాకాలం అనుకున్నారు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన మైకేల్ స్లెపియన్ బృందం 2017లో ఆ లెక్క మార్చింది. మనుషులు దాచుకునే విషయాలను వాళ్ళు 38 రకాలుగా విడదీశారు: అబద్ధాలు, డబ్బు, అక్రమ సంబంధాలు, గర్భస్రావం, వ్యసనాలు ఇలా. సగటు మనిషి దగ్గర వాటిలో 13 రకాలు ఉన్నాయి, అందులో ఐదు ఎవ్వరికీ చెప్పనివి. నలుగురి మధ్య దాన్ని దాచవలసి వచ్చిన సందర్భాల కన్నా, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు దానివైపు మళ్ళిన సందర్భాలు సుమారు రెండింతలు. మనిషిని నలిపేది ఆ మళ్ళడమే. ఎన్నిసార్లు దాచవలసి వచ్చిందన్నదాని కన్నా, ఎన్నిసార్లు తలపుకొస్తుందన్నదే మనిషి క్షేమం మీద ఎక్కువ ప్రభావం చూపింది.

గుట్టు మోసేది దాచినవాడు ఒక్కడే కాదు. స్లెపియన్, కేథరిన్ గ్రీనవే కలిసి చేసిన 2018 నాటి అధ్యయనం ప్రకారం ఇతరుల రహస్యం మన చెవిన పడితే, దగ్గరివాళ్ళయ్యామన్న తృప్తితో పాటు ఆ బరువూ మనకొస్తుంది. మన ఇళ్ళలో ఆ చెవి సాధారణంగా పెద్ద కూతురిది. “నాన్నగారికి చెప్పకు”, “తమ్ముడికి తెలియనివ్వకు” అనే మాటలతో ఇరవై ఏళ్ళ పిల్ల అమ్మకి స్నేహితురాలూ, నాన్న మీద నిఘా, తమ్ముడికి అడ్డుగోడా అయిపోతుంది.

పోనీ పిల్లలకి ఏమీ చెప్పకుండా నవ్వుతూ తిరిగితే? శాన్‌ఫ్రాన్సిస్కోలో సారా వాటర్స్, వెండీ మెండెస్ 2014లో ప్రచురించిన ప్రయోగం చూడండి. 69 మంది తల్లుల్ని ఏడాది దాటిన పసిపిల్లలతో సహా పిలిచి, పిల్లల్ని పక్క గదిలో ఉంచి, కొందరు తల్లుల్ని మొహం చిట్లించుకుని వినే పరీక్షకుల ముందు మాట్లాడించారు. తర్వాత బిడ్డని ఒడికి చేర్చారు. తల్లికి ఏం జరిగిందో ఆ బిడ్డ చూడలేదు, వినలేదు. అయినా కాసేపట్లోనే తల్లి గుండె ఒత్తిడి బిడ్డ గుండెలోనూ నమోదైంది. మాటలు రాని పసివాడికే తెలిసినప్పుడు ఇంటర్ చదివే కొడుక్కి తెలియదనుకోవడం పెద్దల భ్రమ.

అలాగని పిల్లల ముందు అన్నీ పరిచేయమనీ కాదు. మనస్తత్వవేత్త మార్క్ కమింగ్స్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల్లో ఒక ఊరట ఉంది. పెద్దల గొడవ చూసి కంగారుపడిన పిల్లలు, అది తెగిందని చూస్తే చాలావరకు కుదుటపడ్డారు. గొడవ తలుపు వెనక తెగినా, తర్వాత వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పినా ఫలితం ఉంది. మూతులు ముడుచుకుని నెలల తరబడి సాగే మౌనానికి మాత్రం ఆ గుణం లేదు. పిల్లలకు కావలసింది వివరాలు కాదు. “మా మధ్య సమస్య ఉంది, అది నీ వల్ల కాదు, మేం చూసుకుంటున్నాం” అన్న నిజం.

నిజం వేరు, ఒప్పుకోలు వేరు

ఇంటి గుట్టును విజ్ఞానం సూటిగా విప్పగలిగిన చోటు డీఎన్ఏ పరీక్ష. బిడ్డ డీఎన్ఏలో పరీక్షించే ప్రతి చోటా రెండు గుర్తులుంటాయి, ఒకటి తల్లిది, రెండోది కన్నతండ్రిది. తల్లివి తీసేస్తే మిగిలినవన్నీ తండ్రిలో కనిపించి తీరాలి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఈ పరిజ్ఞానాన్ని మన దేశంలో నిలబెట్టారు. అదే నగరంలోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కోర్టు కేసుల నమూనాలు పరీక్షిస్తోంది.

2007 నుంచి 2009 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన నారాయణ్ దత్ తివారీ కేసు అక్కడికే వచ్చింది. ఆయన తన కన్నతండ్రి అంటూ రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టుకెక్కారు. తివారీ నమూనా ఇవ్వనని సుప్రీంకోర్టు దాకా పోరాడారు. చివరికి 2012 మే 29న డెహ్రాడూన్‌లోని ఇంట్లో ఆయన రక్తం తీశారు. హైదరాబాద్ నివేదికను జూలై 27న కోర్టు తెరిచింది: తండ్రి ఆయనే. కానీ ‘నా కొడుకు’ అని ఆయన నలుగురిలో ఒప్పుకున్నది 2014 మార్చిలో. మే నెలలో, 88 ఏళ్ళ వయసులో, రోహిత్ తల్లి ఉజ్జ్వలా శర్మను పెళ్ళాడారు. ప్రయోగశాలకి రెండు నెలలు చాలాయి. మనిషి నోరు తెరవడానికి ఇంకో ఇరవై నెలలు పట్టింది. ఆ తల్లీకొడుకులు ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కింది తమకు తెలియని నిజం కోసం కాదు, తెలిసిన నిజాన్ని అవతలి మనిషి ఒప్పుకోవడం కోసం.

భార్య మీద అనుమానంతో పిల్లల డీఎన్ఏ తేల్చమనే భర్తలకు మాత్రం చట్టం అంత సులువుగా దారివ్వదు. చెల్లుబాటయ్యే కాపురంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అన్నది సాక్ష్య చట్టం చెప్పే మొదటి మాట. అక్రమ సంబంధం రుజువు చేయడానికి బిడ్డని అడ్డదారిగా వాడుకోరాదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. పెద్దల గొడవలో పుట్టుక మీద మచ్చ పడేది పిల్లలకి కాబట్టి.

క్షమ ఏం చేస్తుంది, ఏం చేయదు

మనస్తత్వవేత్త షార్లెట్ విట్‌లియెట్ 2001లో 71 మంది విద్యార్థుల ఒంటికి తీగలు తగిలించి, తమను నొప్పించిన మనిషిని తలుచుకోమన్నారు. పగని నెమరేసుకున్నప్పుడు గుండె వేగం, రక్తపోటు, చెమట పెరిగాయి, కనుబొమల మధ్య కండరం బిగిసింది. క్షమిస్తున్నట్టు ఊహించుకున్నప్పుడు ఇవన్నీ తగ్గాయి.

క్షమ నేర్పగలిగేదేనని మనస్తత్వవేత్త ఎవరెట్ వర్తింగ్‌టన్ చూపించారు. సొంత తల్లి హత్యకు గురైన మనిషి ఆయన. జరిగింది తప్పించుకోకుండా తలుచుకోవడం, అవతలి మనిషి అలా ఎందుకు చేశాడో అతని వైపు నుంచి చూడటం, తాను ఎప్పుడో పొందిన క్షమను గుర్తు తెచ్చుకుని అలాగే ఇవ్వడం, ఆ నిర్ణయాన్ని కాగితం మీద పెట్టడం, కోపం తిరిగొచ్చినప్పుడు దాని మీద నిలబడటం. ఆయన పద్ధతిలోని ఐదు మెట్లు ఇవి. ఐదు దేశాల్లో 4,598 మందికి ఈ అభ్యాస పుస్తకం ఇచ్చి చూస్తే పగతో పాటు దిగులు, ఆందోళన కూడా తగ్గాయని 2024లో ఫలితాలొచ్చాయి. వర్తింగ్‌టన్ మరో తేడా కూడా చెబుతారు: పగ తీర్చుకోనని నిర్ణయించుకోవడం ఒకటి, లోపలి కసి కరగడం ఇంకొకటి. మొదటిది ఒక రోజులో జరగొచ్చు, రెండోదానికి ఏళ్ళు పట్టొచ్చు.

ఇక్కడితో ఆగితే అత్తగారి సలహాకే సైన్సు ముద్ర వేసినట్టవుతుంది. పరిశోధకుడు జేమ్స్ మెక్‌నల్టీ 72 కొత్త జంటల్ని నాలుగేళ్ళు గమనించి 2011లో చెప్పింది వినాలి. ఊరికే క్షమించేసే గుణం ఉన్నవాళ్ళ విషయంలో అవతలివారి దురుసుతనం, చేయిచేసుకోవడం అలాగే కొనసాగాయి. అంత తేలిగ్గా క్షమించనివాళ్ళ ఇళ్ళలో అవి తగ్గుతూ వచ్చాయి. అంతకు ముందు ఏడాది లారా లూషీస్ బృందం క్షమించినవాళ్ళ ఆత్మగౌరవాన్ని కొలిచింది. తప్పు చేసినవాడు దిద్దుకుంటే, క్షమించినవారికి తమ మీద తమకు గౌరవం పెరిగింది. దిద్దుకోకపోతే అదే క్షమ దాన్ని తగ్గించింది.

దంపతుల చికిత్సకులు క్రిస్టీనా గోర్డన్, డొనాల్డ్ బాకమ్ ఈ దారిని మూడు దశలుగా చూస్తారు. మొదటిది దెబ్బ తగిలిన దశ. నిద్ర, తిండి, పిల్లల దినచర్య చెదరకుండా చూసుకోవడమే పని, పెద్ద నిర్ణయాలు వద్దు. రెండోది ఎందుకు జరిగిందో వెతికే దశ. జవాబు చెప్పాల్సింది మోసం చేసినవారు. మూడోది కలిసి ఉండాలా, విడిపోవాలా తేల్చుకునే దశ. విడిపోయి కూడా క్షమించవచ్చు, కలిసి ఉండి కూడా క్షమించకపోవచ్చు. మన ఇళ్ళలో మొదటి వారంలోనే మూడో దశకి తోసేస్తారు, రెండో దశ ఊసే ఉండదు.

1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగాన్ని నెలకొల్పి, తర్వాత రుషికొండలోని గీతం విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గా ఉన్న కోనేరు రామకృష్ణారావు, భారతీయ ఆలోచనకు మనస్తత్వ శాస్త్రంలో చోటుండాలని వాదించారు. గాంధీ ధర్మం మీద గ్రంథం రాశారు. గాంధీ దృష్టిలో క్షమ బలం ఉన్నవాళ్ళు చేసే పని. శిక్షించే శక్తీ, వెళ్ళిపోయే దారీ ఉండి కూడా వద్దనుకోవడం క్షమ. ఆ రెండూ లేని ఆడమనిషి నోరు మూసుకోవడాన్ని అదే పేరుతో పిలవలేం.

వెళ్ళిపోయే దారి చట్టంలో ఉంది. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. అయినా విడాకులకు అది ఇప్పటికీ కారణమే. కుంగుబాటు, నిద్రలేమి వదలకపోతే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కొట్టడం, బెదిరించడం ఉంటే మహిళా సహాయ నంబరు 181.

ఇక తీర్పు చెప్పడానికి కూర్చునే పెద్దలు మూడు ప్రశ్నలు అడగాలి, అవీ మోసం చేసిన మనిషిని. అబద్ధం ఈ రోజుతో ఆగిందా? డబ్బు లెక్కలన్నీ ఆమె ముందు పెట్టావా? పిల్లలు మోస్తున్న మాటను నీ నోటితో నువ్వే చెప్పి దించావా? వీటికి జవాబు రాకుండా ఆమెను కడుపులో పెట్టుకోమంటే, అతని తప్పును ఆమె ఒంటికి జబ్బుగా బదిలీ చేసినట్టే.